మంత్రాలయం కథలో ఆదోని నవాబు

తుంగభద్ర దక్షిణపుటొడ్డున, కర్నూలు జిల్లాలో ఉన్న మంత్రాలయంలో ఏటా శ్రావణ బహుళ విదియనాడు శ్రీ రాఘవేంద్రస్వామి ఆరాధనోత్సవం జరుగుతుంది. ఆ రోజులలో నది మెట్లమీద నిలబడి వింటే కన్నడం, తెలుగు, తమిళం, మరాఠీ నాలుగూ ఒకే గుంపులో కలిసి వినిపిస్తాయి. ఒకరి భాష ఒకరికి పూర్తిగా అర్థం కాకపోయినా ఆ యాత్రికులందరికీ తెలిసిన కథ ఒకటి ఉన్నది. తాతలు మనుమలకు చెప్పినదీ, యాత్రికులకు అమ్మే చిన్న పుస్తకాలలో తప్పక ఉండేదీ ఆ కథే.

కథ క్లుప్తంగా ఇది. వెంకన్న అనే అక్షరం రాని పశువుల కాపరికి స్వామివారు, కష్టం వచ్చినప్పుడు తనను తలచుకొమ్మని చెప్పి వెళతారు. ఒకనాడు ఆదోని నవాబు సిద్దీ మసూద్ ఖాన్ ఆ దారిన పోతూ, చేతికందిన లేఖను చదవమని ఆ కాపరిని నిలబెడతాడు. వెంకన్న గురువును తలచుకొని లేఖను తడుముకోకుండా చదువుతాడు. అందులో ఉన్నది శుభవార్త. నవాబు సంతోషించి అతనిని దగ్గరకు తీస్తాడు. కాలక్రమాన వెంకన్న దివాను అవుతాడు. దివాను నోట గురువు మహిమలు విన్న నవాబు ఆయనను పరీక్షించదలచి, మాంసం ఉంచిన పళ్లేనికి బట్ట కప్పి కానుకగా సమర్పిస్తాడు. స్వామి కమండలంలోని నీరు చల్లి బట్ట తీయిస్తారు. పళ్లెం నిండా పూలు. నవాబు పశ్చాత్తాపపడి, ఏ సారవంతమైన గ్రామం కావాలో కోరుకొమ్మంటాడు. స్వామి మంచి పంట గ్రామాలను కాదని, నది ఒడ్డున ఎండిపోయిన మంచాలను అడుగుతారు. ప్రహ్లాదుడు యజ్ఞం చేసిన చోటు అదేనని కారణం చెపుతారు. ఆ మంచాలే నేటి మంత్రాలయం.

పళ్లెంలో పూలు పూసినవా లేదా అన్నది విశ్వాసానికి చెందిన విషయం. విమర్శకు అందులో పని లేదు. కాని ఒక కథ తన పాత్రలను ఎట్లా మలచినది, ఎవరికి ఏ పని అప్పగించినది, ఎవరి ముఖాన్ని చూపి ఎవరి ముఖాన్ని మరుగుపరచినది అన్నవి విమర్శ అడగవలసిన ప్రశ్నలే. పలు భాషల, పలు మతాల దేశంలో ఒకరిని గురించి మరొకరికి తెలిసినదంతా గ్రంథాలవల్ల తెలిసినది కాదు. చాలామందికి అది ఇటువంటి కథలవల్లనే తెలుస్తుంది. రాయలసీమ పల్లెలో పెరిగిన పిల్లవాడు చరిత్ర పుస్తకం తెరవడానికి ముందే ఆదోని నవాబును ఎరుగును. అతడెరిగిన నవాబు మాంసపు పళ్లెం పట్టుకొని నిలబడి ఉంటాడు.

ఆ నవాబు నిజానికెవరు? కథ చెప్పేవారిలో చాలామంది "ఆదోని నవాబు" అని ఊరుకుంటారు. పేరు చెప్పినవారు కూడ ఆ పేరులోని మొదటి మాటను పట్టించుకోరు. సిద్దీ అనగా ఆఫ్రికా సంతతివాడు. హబష్ దేశంనుంచి, తూర్పు ఆఫ్రికా తీరంనుంచి దక్కనుకు వచ్చి సైన్యాలలో, కొలువులలో పైకెదిగిన హబషీలలో మసూద్ ఖాన్ ఒకడు. 1660లో శివాజీని పన్హాళ కోటలో ముట్టడించిన సిద్దీ జౌహర్‌కు ఇతడు అల్లుడు; కోటనుంచి తప్పించుకున్న శివాజీని వెంబడించిన సేనలో ఇతని పేరు వినిపిస్తుంది. బిజాపూరు ఆదిల్‌షాహీల పక్షాన ఆదోనిని ఏలినాడు. అక్కడి షాహీ జామియా మసీదు అతని కాలపు కట్టడమే. బాలుడైన సికందర్ ఆదిల్‌షా సింహాసనంమీద ఉండగా 1678 ప్రాంతాన బిజాపూరు రాజ్యభారమే అతని చేతికి వచ్చినది. అయిదేండ్ల తరువాత ఆ ముఠాల రాజకీయానికి విసిగి తిరిగి ఆదోనికి చేరుకొన్నాడు. 1686లో బిజాపూరు పడిపోయినది. రెండేండ్లకు, 1688లో, మొగలు సేనాని ఫిరోజ్ జంగ్ ముట్టడికి ఆదోని కూడ లొంగిపోయినది. ఇంతటి జీవితం గల మనిషి జనస్మృతిలో ఒక్క పళ్లెం మేరకు కుదించుకుపోయినాడు.

గ్రామదానం జరిగిన నాటి పరిస్థితిని ఒక్కసారి ఊహించి చూడవలెను. దానం చేసినవాడు ఆఫ్రికా సంతతి ముసల్మాను. అతని ప్రభువు బిజాపూరు సుల్తాను. కొలువులో సలహా చెప్పినవాడు బ్రాహ్మణ దివాను. దానం పుచ్చుకొన్నవారు నేటి తమిళనాడులోని భువనగిరిలో పుట్టి, 1621లో పీఠమెక్కిన మాధ్వ సన్యాసి. ఆయన గ్రంథాలు సంస్కృతంలో ఉన్నాయి. జయతీర్థుల న్యాయసుధపై ఆయన వ్రాసిన పరిమళం పండితలోకంలో సుప్రసిద్ధం. ఆయనను గూర్చి తరువాతి దాసులు పాడిన పాటలు కన్నడంలో ఉన్నాయి. ఊరు తెలుగు, కన్నడ సీమల సంధిలో ఉన్నది. బిజాపూరు కచేరీలలో ఫారసీ, మరాఠీ రెండూ నడిచినాయి. ఇన్ని భాషలు, ఇన్ని దేశాల మనుషులు ఒక్క మెట్ట గ్రామం సరిహద్దుల దగ్గర కలుసుకొన్నారు. దేశపు వైవిధ్యానికి ఉదాహరణ కావాలని వెదికే ఉపన్యాసకులు ఢిల్లీ దాకా, ఆగ్రా దాకా పోనక్కరలేదు. అయితే కథలో ఇవేవీ లేవు. కథకు ఇద్దరే మనుషులు చాలు: పరీక్షించేవాడు, నెగ్గేవాడు.

పళ్లెం కథ మంత్రాలయానికే పరిమితమైనది కాదు. పూనా దగ్గరి చించ్‌వడ్‌లో మోరయా గోసావి వంశీకుడైన నారాయణ మహారాజును గురించి ఇదే కథ చెపుతారు. అక్కడ పళ్లెం పంపినవాడు ఔరంగజేబు, మాంసం మల్లెపూలైనది, ఫలితం ఎనిమిది గ్రామాల ఇనాం. రెండు కథలను పక్కపక్కన పెట్టి చూస్తే పేర్లు మారినవే తప్ప ఎముకల గూడు మారలేదు. ముసల్మాను ప్రభువు, కప్పిన పళ్లెం, పూలు, పశ్చాత్తాపం, భూమి. ఇది ఊరినుంచి ఊరికి నడిచిపోగల కథ. ఎక్కడ హిందూ మఠానికో దేవాలయానికో ముసల్మాను ప్రభువు భూమి ఇచ్చినాడో, తరువాతి తరాలకు ఆ దానానికి కారణం చెప్పవలసిన అవసరం ఎక్కడ కలిగినదో, అక్కడ ఈ కథకు చోటు దొరుకుతుంది.

తెలుగునాట దీనికి దగ్గర చుట్టాలున్నారు. భద్రాచలం కథలో తానీషా రామదాసును గోలకొండ చెరలో పెడతాడు. రామలక్ష్మణులు స్వయంగా వచ్చి పైకం చెల్లించిన తరువాత కళ్లు తెరుస్తాడు. పోతులూరి వీరబ్రహ్మం కథలో కడప నవాబు పరీక్ష పెడతాడు. పరీక్షలో ఓడి నమస్కరిస్తాడు. ముగ్గురు ప్రభువులకూ కథ అప్పగించిన పని ఒక్కటే. ముందు సందేహించాలి, లేదా అవమానించాలి, లేదా బాధించాలి. ఆ తరువాతనే వారికి మంచివాళ్లయ్యే అవకాశం వస్తుంది.

కడప జిల్లా కథలో మాత్రం ఒక భేదం ఉన్నది, దానిని విడిచిపెట్టడం న్యాయం కాదు. అక్కడ నవాబుతోపాటు సిద్ధయ్య కూడ ఉన్నాడు. దూదేకుల ఇంట పుట్టినవాడు; తల్లిదండ్రులు వద్దన్నా గురువును వదలనివాడు; చివరకు గురువు దండకమండలాలు, పాదుకలు అందుకొన్నవాడు. వీరబ్రహ్మం కథలో ముసల్మాను పరీక్షకుడు మాత్రమే కాదు, వారసుడు కూడ. 1984లో ఎన్.టి. రామారావు తీసిన చలనచిత్రం తెలుగుదేశమంతటికీ సిద్ధయ్యను మరింత దగ్గర చేసినది. రాఘవేంద్రస్వామి చరిత్ర కన్నడంలో 1966లో, తమిళంలో 1985లో తెరకెక్కినది. మొదటిదానిలో రాజ్‌కుమార్, రెండవదానిలో రజనీకాంత్ స్వామి పాత్ర ధరించినారు. అయితే మంత్రాలయం కథలో సిద్ధయ్యవంటి పాత్ర లేదు. అందుచేత అక్కడ ముసల్మానుల పక్షాన నిలబడడానికి ఉన్నది నవాబు ఒక్కడే.

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. మంత్రాలయానికి ఇద్దరు ప్రభువుల కథలున్నాయి. రెండవవాడు సర్ థామస్ మన్రో. 1800లో నిజాము ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన తరువాత మన్రో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉన్నాడు. మఠం ఇనాం భూములను సర్కారులో కలుపుకొనే వ్యవహారం విచారించడానికి వచ్చి, బూట్లు విప్పి, టోపీ తీసి లోపలికి వెళ్లగా, బృందావనంలోనుంచి స్వామి అతనికొక్కనికే కనిపించి మాట్లాడినారనీ, ఇనాం నిలబడినదనీ కథ. సుమారు నూటముప్పై ఏండ్లకు పూర్వమే సమాధిలో ప్రవేశించిన స్వామి (అది 1671) తెల్లదొరతో సంభాషించినారన్న ఈ ముచ్చట బళ్లారి జిల్లా గెజెటీరు దాకా పాకినది. ఆనాటికి ఈ ఊరు బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది.

ఈ రెండు కథలూ భూమి హక్కును గురించినవే. మొదటిది హక్కు ఎట్లా పుట్టినదో చెపుతుంది, రెండవది ఎట్లా నిలిచినదో చెపుతుంది. నిజానికి ప్రమాదం ఎవరివల్ల ఎక్కువ? నవాబు భూమి ఇచ్చినవాడు. కలెక్టరు దానిని వెనక్కు తీసుకొనే అధికారంతో వచ్చినవాడు. కథలలో మాత్రం మర్యాద తలక్రిందులైనది. ఇచ్చినవాడు మాంసం తెచ్చినాడు. తీసుకోవచ్చినవాడు పాదరక్షలు విడిచి వచ్చినాడు. ఇచ్చినవానికి గురువు మహిమను బయటినుంచి చూపి బుద్ధి చెప్పవలసి వచ్చినది. తీసుకోవచ్చినవానికి, పక్కనున్న భక్తులకు సైతం దొరకని దర్శనం దొరికినది. మన్రో ఈ సీమ కథలన్నింటిలోనూ ఇట్లాగే మన్నన పొందినాడు. కడప జిల్లా గండిలో బంగారు తోరణం అతనికే కనిపించినదంటారు. తిరుమలలో అతని పేరు మీద గంగాళమే ఉన్నది. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన ఆ దొర నిజంగానే రైతు మంచిచెడ్డలు విచారించినవాడు. అతనికి దక్కిన గౌరవంమీద అసూయ పడనక్కరలేదు. కాని పరాయి దేశపు కంపెనీ ఉద్యోగికి ఇవ్వగలిగిన మర్యాద, ఈ నేలమీదనే బ్రతికి, ఈ నేలమీదనే మసీదు కట్టి, ఈ నేలమీదనే కోట పోగొట్టుకొన్న మనిషికి కథ ఎందుకు ఇవ్వలేకపోయినది?

దీనికి జవాబుగా ఒక మాట చెప్పవచ్చు. కథ ఉద్దేశం నవాబును తక్కువ చేయడం కాదు, గురువును ఎక్కువ చేయడం. పరీక్ష ఎంత కఠినమైతే నెగ్గుదల అంత గొప్పగా ఉంటుంది; అది కథల సహజ లక్షణం. గురువు కూడ పళ్లెం చూచి కోపించలేదు, శపించలేదు. ఇదంతా నిజమే. అయినా గురువును ఎత్తడానికి కథకు తగ్గించవలసిన మనిషి కావలసి వచ్చినప్పుడు ఎవరు దొరికినారన్నది చూడక తప్పదు. కథలు జాగ్రత్తగా ఆలోచించి పాత్రలను ఎన్నుకోవు, అలవాటుకొద్దీ ఎన్నుకొంటాయి. ఆ అలవాటే ఇక్కడ పరిశీలించవలసినది.

ఇస్లామీయ దృష్టితో చూచినప్పుడు కూడ ఈ పళ్లెం ఇబ్బంది పెడుతుంది. ఇతరులు ఆరాధించే వాటిని దూషించవద్దని ఖుర్‌ఆన్ ఆరవ అధ్యాయం 108వ వాక్యంలో స్పష్టమైన ఆదేశం ఉన్నది. సిరియాకు వెళ్లే సేనకు హజ్రత్ అబూబక్ర్ చేసిన హితబోధలో, ఆశ్రమాలలో దైవధ్యానంలో ఉన్న సన్యాసుల జోలికి పోవద్దన్న మాట చరిత్రకారులందరూ చెప్పినదే. ఒక సన్యాసి ముందు ఆయనకు నిషిద్ధమైన ఆహారం పెట్టడం ముసల్మానుగా ప్రవర్తించడం కాదు. కథ విని తలవంచుకొనే ముసల్మాను పిల్లవానికి, ఆ పని తన మతం చెప్పినది కాదని చెప్పేవారు కావలెను. ప్రభువులందరూ ధర్మం తప్పలేదని దీని అర్థం కాదు. తప్పినవారు చాలామంది ఉన్నారు, ముస్లిం చరిత్రకారులే వారిని వదలలేదు. అయితే గ్రామాన్ని దానం చేసిన ఒక మనిషిని ధర్మం తప్పినవానిగా చూపడానికి ఒక్క అద్భుత కథ సాక్ష్యం చాలునా?

ఇంకొక లోపం అంతకంటె లోతైనది. అద్భుతం లేనిదే ముసల్మాను ప్రభువు హిందూ మఠానికి భూమి ఇవ్వడని కథ ముందుగానే తీర్మానించుకొన్నది. దక్కను చరిత్ర అట్లా చెప్పదు. మొదటి ఇబ్రాహీం ఆదిల్‌షా కాలం (1534-1558) నుంచే బిజాపూరులో జమాఖర్చుల లెక్కలు ఫారసీ మాని దేశభాషలో వ్రాయించి, ఆ పనిని బ్రాహ్మణులకు అప్పగించినట్లు ఫరిష్తా వ్రాసినాడు. రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా (1580-1627) దక్కనీ భాషలో పాటలు కట్టి కితాబె నౌరస్ అని పేరు పెట్టినాడు. అందులో సరస్వతి స్తుతి ఉన్నది. జనం అతనిని జగద్గురువని పిలిచినారు. అటువంటి కొలువు సంప్రదాయంలో పెరిగిన అధికారికి, పండితుడైన యతికి నది ఒడ్డున గ్రామం ఇవ్వడం రోజువారీ రాజ్యపాలనలో భాగం. అగ్రహారం ఏర్పడితే బావులు తవ్వుతారు, బీడు సాగులోకి వస్తుంది, లెక్కలు వ్రాసే కుటుంబాలు ప్రభుత్వాన్ని అంటిపెట్టుకొని ఉంటాయి, సరిహద్దు సీమలో పలుకుబడి నిలబడుతుంది. పుణ్యమూ ఉన్నది, లాభమూ ఉన్నది. ఏ ప్రభువు దానంలోనైనా ఈ రెండూ కలిసే ఉంటాయి, విజయనగర రాయల దానాలలో సైతం.

కర్నల్ మెకంజీ గ్రామ కరణాలచేత సేకరింపజేసిన కైఫియత్తులు చదివినవారికి ఈ సంగతి కొత్త కాదు. అద్భుతాలు వాటిలోనూ ఉన్నాయి. కాని ఏ ప్రభువు ఏ దేవళానికి ఎన్ని వరహాల మాన్యం ఇచ్చినాడో, ఎవరి కాలంలో అది ఆగిపోయినదో, మళ్లీ ఎవరు సాగించినారో, కరణం మతం చూడకుండా వరుసగా వ్రాసుకొంటూ పోతాడు. అతనికి నవాబు ఆశ్చర్యకరమైన జంతువు కాదు. తన ఊరి లెక్కలలో ఒక పేరు. కరణం వాడిన మాటలే చూడండి: ఇనాం, సన్నదు, జమాబందీ, కౌలు, ఫసలీ, దస్తావేజు, హక్కు. అరబ్బీ, ఫారసీలనుంచి వచ్చిన ఈ మాటలు తెలుగు నోట ఎంతగా నలిగినాయంటే వాటి పుట్టుక ఎవరికీ గుర్తుండదు. పొలం దున్నేవానికి తెలుగువాడు పెట్టుకొన్న పేరు రైతు. అదీ అరబ్బీ పుట్టుక మాటే. ఏ పళ్లెమూ, ఏ పూలూ అవసరం లేకుండానే ఈ మాటలన్నీ తెలుగు ఇండ్లలోకి వచ్చి కూర్చున్నాయి.

కవులు కూడ కథకులంత ఇబ్బంది పడలేదు. గోలకొండ ఇబ్రాహీం కుతుబ్‌షాకు అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చినాడు. తెలుగు కవులు ఆ సుల్తానును మల్కిభరాముడని తమ పలుకుబడిలోకి మార్చుకొన్నారు. పొన్నెగంటి తెలగనార్యుడు తొలి అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రను అమీన్ ఖాన్‌కు అంకితం చేసినాడు. సంస్కృతపు మాట తగలకుండా తెలుగు వ్రాయవలెనన్న పంతం ఒక ముసల్మాను అధికారి ప్రాపున నెరవేరినదన్నది సాహిత్య చరిత్రలో చిన్న సంగతి కాదు. కృతిభర్తను కవి ముందు పాపాత్మునిగా చూపి తరువాత బాగుచేయలేదు. నేరుగా సభలోకి పిలిచి గౌరవించినాడు. పొగడ్తలో అతిశయోక్తి ఉన్నది, ధనాశ కూడ ఉండవచ్చు. అయినా ఆ మర్యాద సమానుల మధ్య మర్యాద.

ఇంతవరకు చెప్పినది భక్తి కథల లోపం. దీనికి మందుగా వాడుతున్నది మరొక లోపం అని చెప్పక తప్పదు. 1961లో జాతీయ సమైక్యతా మండలి ఏర్పడిన నాటినుంచి పాఠ్యపుస్తకాలలో, సభలలో, ఉర్సు ఉత్సవాల ఉపన్యాసాలలో ఒక రకం వ్యాసం తయారైనది. అందులో మంత్రాలయం, భద్రాచలం, కడప పెద్ద దర్గా, దేవుని కడప వరుసగా వస్తాయి. నవాబు స్వామికి భూమి ఇచ్చినాడు; ఉగాదినాడు ముసల్మానులు దేవుని కడప వేంకటేశ్వరుని దర్శిస్తారు; పీర్లకు హిందువులు మొక్కుతారు; కాబట్టి అందరూ ఒక్కటే. ముస్లిం రచయితలు ఈ జాబితాను మరికొంత పొడిగించి, సుల్తానులు ఇచ్చిన ఇనాములను లెక్కపెట్టి తృప్తిపడుతున్నారు. ఈ వ్యాసంలోని నవాబు పళ్లెం కథలోని నవాబుకంటె మంచివాడే. కాని అంతకంటె ప్రాణం ఉన్నవాడు కాదు. ఆ మనిషికి కోట లేదు, శత్రువులు లేరు, పన్నులు లేవు. ఎవరికీ కష్టం కలిగించని బొమ్మ. రైతునుంచి శిస్తు వసూలు చేసినవాడూ, యుద్ధంలో మనుషులను చంపించినవాడూ, మఠానికి గ్రామం ఇచ్చినవాడూ ఒక్కడే అన్నది చెప్పలేని వ్యాసం, చరిత్రను కథకులనుంచి విడిపించి ఉపన్యాసకుల చేతిలో పెట్టడం తప్ప మరేమీ చేయదు.

పైగా అందరూ ఒక్కటే అన్న మాటతో వేరు వేరు నమ్మకాలకు ఉన్న గట్టిదనం పోతుంది. రాఘవేంద్రస్వామి ద్వైతి, జీవుడూ దేవుడూ వేరని, జగత్తు సత్యమని తర్కంతో నిలబెట్టినవారు. ఎదుటివాదాన్ని వాక్యం వాక్యం విప్పి ఖండించిన పండితుడు. అన్నీ ఒక్కటే అన్న మెత్తని మాటకు ఆయన సభలో ఒక్క ఘడియ నిలబడే శక్తి ఉండదు. తౌహీదును నమ్మిన ముసల్మానుకు కూడ ఆ మాట రుచించదు. ఇద్దరూ ఒకరితో ఒకరు ఏకీభవించకుండానే ఒక గ్రామం విషయంలో ఒప్పందానికి రాగలిగినారు. అది ఏకాభిప్రాయంకంటె కష్టమైన పని, దేశానికి అంతకంటె ఎక్కువ పనికివచ్చేది కూడ.

పల్లెలలో పీర్ల పండుగ గురించి ఒక్కమాట. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామిని గూర్చి పరిశోధించి అఫ్సర్ మహమ్మద్ 2013లో ఆంగ్లంలో ప్రచురించిన గ్రంథంలో, ఈ ఉమ్మడి ఆరాధన తేలికగా సమైక్యత అని పేరు పెట్టి ముగించదగినది కాదని, అందులో స్థానిక భక్తికీ శాస్త్రబద్ధమైన ఇస్లాంకూ మధ్య నిత్యం ఘర్షణ నడుస్తున్నదని చూపినాడు. పీర్ల మొక్కుబడులలో శరీఅతుకు నిలవని ఆచారాలున్నాయని ఆక్షేపించే ఉలమాల మాటను కూడ వినవలసిందే. పండుగను పొగిడేవారు ఆ ఆక్షేపణను దాచిపెడతారు. ఆక్షేపించేవారు పండుగ వెనుక ఉన్న పొరుగుతనాన్ని చూడరు.

ఈ సీమకు పేరు పెట్టినవారి సంగతి కూడ ఈ సందర్భంలో జ్ఞాపకం చేయదగినది. దత్తమండలం అన్న అవమానకరమైన పేరు పోయి, 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు వచ్చినది. సూచించినవారు చిలుకూరి నారాయణరావు. అంతకు మూడేండ్ల ముందే, 1925లో, ఖుర్‌ఆన్‌ను తెలుగులోకి అనువదించి ప్రకటించినవారు కూడ ఆయనే. రాయల పేరు సీమకు పెట్టిన పండితుడు ఖుర్‌ఆన్‌తో ఎంతో కాలం గడిపి ఉన్నాడన్నది సమైక్యతా ఉపన్యాసాలలో అరుదుగా వినిపిస్తుంది. బహుశా అందులో అద్భుతం లేకపోవడమే కారణం. ఒక మనిషి కూర్చొని మరొకరి గ్రంథాన్ని ఓపికగా చదివినాడు, అంతే.

తిరిగి మంత్రాలయం కథ దగ్గరకు వస్తే, అందులో రెండు సగాలున్నాయి. మొదటి సగం పళ్లెం. రెండవ సగాన్ని కథ చెప్పేవారు తొందరగా దాటేస్తారు. అసలు బలం అక్కడ ఉన్నది. ఏ గ్రామం కావలెనో కోరుకొమ్మని నవాబు అడుగుతాడు. స్వామి మెట్ట గ్రామం అడుగుతారు. నవాబుకు అర్థం కాదు. నీరు పారే భూములుండగా ఈ ఎండిన మంచాల ఎందుకని మళ్లీ అడుగుతాడు. దాని వెనుక తన సంప్రదాయంలోని కారణాన్ని స్వామి వివరిస్తారు. ఆ కారణాన్ని నవాబు నమ్మవలసిన పని లేదు. నమ్మినాడని కథ కూడ చెప్పదు. అయినా అడిగినది ఇచ్చినాడు. ఇవ్వగలవాడు మంచి భూమి ఇవ్వదలచడం, పుచ్చుకొనేవాడు తక్కువ భూమి కోరడం, ఇచ్చేవాడు కారణాన్ని నమ్మకపోయినా గౌరవించడం: ఈ సంభాషణకు పూలు అక్కరలేదు. ఇద్దరికీ పెద్దరికం ఇక్కడే కనిపిస్తుంది. పళ్లెం ఘట్టాన్ని తీసివేసి ఈ సగాన్ని ఒక్కదానిని చెప్పినా గురువు మహిమకు లోటు రాదు. నీటి భూమి వద్దని మెట్ట అడిగినవాడు, మాంసాన్ని పూలు చేసినవానికంటె, కరవు సీమ రైతుకు ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తాడు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చినాయి. మిగిలినవి మైసూరుకు పోయినాయి. అట్లా మంత్రాలయం తెలుగు రాష్ట్రంలో పడినది. ఏరు దాటితే ఆవలి ఒడ్డు ఒకప్పుడు నిజాము రాజ్యం, 1956 నుంచి కన్నడ రాష్ట్రం. అప్పణాచార్యుల బిచ్చాలి, పంచముఖి ఆంజనేయుని గుట్ట ఆ ఒడ్డున ఉన్నాయి. సరిహద్దు గీసినవారికి రెండు వైపులా ఒకే కథ ఉన్నదన్న సంగతి అడ్డు రాలేదు. 2009 అక్టోబరు మొదటివారంలో తుంగభద్ర పొంగి ఊరును ముంచినప్పుడు ఏటికి కూడ ఆ గీత కనిపించలేదు.

మంత్రాలయంలో ఒక నియమం నేటికీ ఉన్నది. యాత్రికులు ముందుగా గ్రామదేవత మంచాలమ్మను చూచిన తరువాతనే స్వామి బృందావనం దగ్గరకు పోవలెను. ఊరు ఆమెది, తాను తరువాత వచ్చినవాడినని స్వామివారే ఈ క్రమం ఏర్పరచినారని చెపుతారు. సన్నదు వ్రాసి ఇచ్చినది ఆదోని. దానిని పుచ్చుకొన్నది మఠం. అయినా గడప దాటే ముందు అనుమతి అడగవలసినది ఊరి అమ్మను. మాంసపు పళ్లెం కథ చెప్పే భక్తులు ఈ క్రమాన్ని తప్పకుండా పాటిస్తారు. తలస్నానం చేసి, తడిబట్టలతో మంచాలమ్మ గుడి ముందు బారు తీరి నిలబడతారు.